పేరు చెబితే మోగని ఫోను

ఫోనుకి పెట్టె బిగించిన రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. వసారాలో నులకమంచం మీద నాయనమ్మ రాఘవమ్మ, వంటింట్లో అమ్మ భ్రమరాంబ, ముందు గదిలో పనిబల్ల దగ్గర నాన్న వీరాచారి, ఆయన పక్కన పళ్ళెంలో స్క్రూలు పట్టుకుని హైమ. అమ్మనడిగితే మాత్రం అయిదుగురని చెప్పేది. గోడకున్న చెక్కపలక మీది నల్ల ఫోనుని కూడా ఆమె మనిషి కిందే లెక్కేసింది. ఇంట్లో అందరికంటే ఎక్కువసార్లు ఆమెని పిలిచేది అదే మరి.

ఆ రోజు పొద్దుటి నుంచి మధ్యాహ్నం భోజనాల లోపు పంతొమ్మిదిసార్లు మోగింది. మోగిన ప్రతిసారీ అమ్మ చేతిలో పని వదిలి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ, వాచిన మోకాళ్ళతో వంటింటి గడప దాటి వచ్చింది. ప్రతిసారీ రిసీవరు చెవి దగ్గర ఒక్క క్షణం పెట్టుకుని, మాట్లాడకుండా పెట్టేసింది.

"ఎవరే?" అని మంచం మీంచి నాయనమ్మ.

"ఎవరూ కాదత్తయ్యా. ప్లాట్లంట."

"ఏ ఊరివాళ్ళు?"

"మనుషులు కాదత్తయ్యా, రికార్డు."

"రికార్డైతే మాత్రం దానికో ఊరుండదా?" అంది నాయనమ్మ, నిద్ర చెడిన విసుగుతో.

ప్లాట్లు, అప్పులు, ఆరోగ్య బీమాలు, మీ నంబరుకి బహుమతి తగిలిందనే శుభవార్తలు. ఇసుకమూరు అంత చిన్న ఊళ్ళో, ఊరంతా కలిపి ఆరు తీగ ఫోనులు కూడా మిగలని కాలంలో, రోజుకి నలభై యాభైసార్లు ఆ గొంతులు వచ్చిపడేవి. ఎక్కడో ఒక యంత్రం నంబర్లన్నీ వరసగా నొక్కుకుంటూ పోతుంది. దానికి అలుపుండదు. లేచి వెళ్ళి ఎత్తేవాళ్ళకే ఉంటుంది.

"తీయించేస్తే పోలా ఆ ఫోను? అందరికీ సెల్లులుండగా దాంతో ఏం పని?" అని ఎవరైనా అంటే అమ్మ ముఖం తిప్పుకుని లోపలికి పోయేది. ఆ నంబరు సువర్చలకి వచ్చు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి అది, ఎవరూ పైకి అనని సంగతి కూడా.

సువర్చల హైమకి అక్క. ఏడేళ్ళు పెద్ద. నాన్న టెలిఫోను ఎక్స్ఛేంజిలో లైన్‌మన్‌గా చేసి, ఎక్స్ఛేంజి మూతపడ్డాక ఇంట్లోనే బల్ల వేసుకుని ఏవో పరికరాలు కడుతుంటే, ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నది అక్క. తీగ ఎన్ని అడుగుల దూరంలో తెగిందో చప్పుడుని బట్టి చెప్పే పెట్టె ఒకటి ఇద్దరూ కలిసి రెండేళ్ళు కూర్చుని చేశారు. దాన్ని జిల్లా ప్రదర్శనకి పట్టుకెళ్ళినప్పుడు అట్ట మీద ఒక్క వీరాచారి పేరే ఉంది. అక్క అడిగింది. "నీ పేరెందుకే, రేపో మాపో ఇంకో ఇంటికి పోయేదానివి. ఈ ఇంటికి నువ్వు పరాయిదానివి," అన్నాడు నాన్న. కోపంగా కూడా అనలేదు, అందరూ అనే మాటే అన్నాననుకున్నాడు. "అయితే ఇప్పట్నుంచే పరాయిదాన్నిలే," అని అక్క ఆ వారమే బట్టలు సర్దుకుంది. తెనాలిలోనో గుంటూరులోనో ఉద్యోగం చేస్తోందని ఎవరో చెప్పారు. రెండేళ్ళయింది. ఫోను చెయ్యలేదు.

కానీ చేస్తే ఆ నల్ల ఫోనుకే చేస్తుంది. అమ్మకి సెల్లు లేదు, హైమకి లేదు, నాన్న సెల్లుకి అక్క చచ్చినా చెయ్యదు. అందుకే అమ్మ ప్రతి మోతకీ లేచేది. ప్రతిసారీ ఇది అదే అనుకుని వచ్చేది, అది కాదని తెలుసుకుని వెళ్ళేది. రోజుకి నలభైసార్లు.

ఆ రాకపోకలు చూసి చూసి నాన్న ఒక రోజు స్క్రూడ్రైవరు తీశాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

* * *

మొదట చేసిన పెట్టె బతికింది నాలుగు రోజులే. ఎవరు ఫోను చేసినా అది నాన్న గొంతుతో "మీరు మనుషులైతే అయిదు నొక్కండి" అనేది. రెండో రోజే పక్కింటి సామ్రాజ్యం పిన్ని గోడ మీంచి తలెత్తింది.

"ఏంటక్కా! నేను మనిషినో కాదో అయిదు నొక్కి చెప్పాలంట మీ ఇంటికి! పాలు విరిగినయ్, ఒక గ్లాసు పోస్తావా అని అడుగుదామని చేశా. అంతకన్నా గోడ దూకి రావటం నయం."

"మీ బావగారినే అడుగు," అంది అమ్మ.

"నువ్వే అడుగు. నేను నొక్కాల్సొస్తే అయిదుతో ఆగను."

రెండో పెట్టె ఊపిరి వినేది. మనిషి మాట్లాడేముందు గాలి పీలుస్తాడు, రికార్డు పీల్చదు. ఈ ఆలోచనకి నాన్న చాలా సంతోషపడ్డాడు. వారం తిరక్కుండానే ఆ గొంతులు ఊపిరి తియ్యడం మొదలుపెట్టాయి. కొన్ని దగ్గాయి. ఒకటైతే మధ్యలో ఆగి "ఒక్క నిమిషం సార్" అని వెనకెవరితోనో మాట్లాడినట్టు నటించి మళ్ళీ వచ్చింది. నాన్న హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, అరచేతులతో కళ్ళు నలుపుకున్నాడు.

"మనుషులు ఎట్టా మాట్లాడతారో మనకంటే వాటికే బాగా తెలుసు," అన్నాడు.

అప్పుడు హైమకి ఒక పని అప్పజెప్పాడు. ఫోనుకి రెండో వినికిడి గొట్టం ఒకటి తగిలించి, వచ్చిన ప్రతి ఫోనులో మొదట వినిపించిన మాటల్ని నోటుపుస్తకంలో రాయమన్నాడు. ఆ పనికి హైమే తగినది. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. ఊళ్ళో బళ్ళో పదేళ్ళు చదివి పదిమంది ముందు నోరెత్తని పిల్ల. ఫోనెత్తి హలో అనాలన్నా చెమటలు పట్టేవి, కానీ ఎవరేమన్నదీ ఒక్క అక్షరం పోకుండా రాసేది.

"మాట్లాడమంటే నోరు రాదు, రాయమంటే చెయ్యి ఆగదు," అనేది అమ్మ.

ముప్ఫై రెండు రోజులు రాసింది. పుస్తకం నిండి రెండోది మొదలయింది. ఒక మధ్యాహ్నం వెనక్కి తిప్పి చదువుకుంటుంటే ఒక సంగతి కనబడింది. చాలా చిన్న సంగతి. కనబడ్డాక ఇంక కనబడకుండా పోలేదు.

యంత్రాలన్నీ పేరు చెప్పాయి. "నమస్కారం, నేను ప్రియని మాట్లాడుతున్నాను." "నమస్తే సార్, నా పేరు కిరణ్, హైదరాబాదు నుంచి." చాలా మర్యాదగా, ముందే, పూర్తిగా చెప్పాయి. మనుషులు ఒక్కరు కూడా పేరు చెప్పలేదు. సామ్రాజ్యం పిన్ని "నేనే" అంది. అమ్మ తమ్ముడు "ఏం చేస్తన్నారు?" అన్నాడు. నాయనమ్మ చెల్లెలు నాగాయలంక నుంచి చేసి, "ఎవరూ?" అని తనే ఎదురడిగింది. మేనత్త కొడుకు "ఆఁ, అన్నాలయినయ్యా?" అన్నాడు. అయినవాళ్ళెవరూ తామెవరో చెప్పరు. గొంతు పోల్చుకుంటారని వాళ్ళకి తెలుసు. పోల్చుకోకపోతే కోపమొస్తుంది కూడా. పేరు చెప్పుకునేది అవతలివాళ్ళు తమని ఎరగరని తెలిసినవాళ్ళే.

ఇది నాన్నకి నోటితో చెప్పడానికి రెండు రోజులు ప్రయత్నించి, చివరికి ఒక కాగితం మీద రాసి బల్ల మీద కత్తెర కింద పెట్టింది.

నాన్న చదివాడు. మళ్ళీ చదివాడు. "ఇది నీకే తట్టిందా?" అన్నాడు. ఆయన అక్క వైపు అలా చూడటం హైమకి గుర్తుంది, తన వైపు ఎప్పుడూ చూడలేదు. "రా, కూర్చో," అని స్టూలు లాగాడు. రెండేళ్ళుగా ఖాళీగా ఉన్న స్టూలు. హైమకి సంతోషమూ వచ్చింది, ఎవరిదో వస్తువు ఎత్తుకున్నట్టు బెరుకూ వేసింది.

"మరి గ్యాసువాళ్ళూ, కరెంటాఫీసువాళ్ళూ పేరు చెప్తారుగా నాన్నా?"

"వాళ్ళ దగ్గిర నా సెల్లు నంబరుంది. ఈ ఫోనుకి చేసేది మనవాళ్ళే."

మనవాళ్ళే, అనుకుంది హైమ. ఇద్దరూ కలిసి మూడు వారాల్లో పెట్టె తయారుచేశారు. పంతొమ్మిదిసార్లు ఫోను మోగిన రోజు బిగించింది అదే. అరచేతి వెడల్పు రేకు డబ్బా. ఫోను మోగక ముందే అది ఇంట్లోకి చప్పుడు రాకుండా లైను ఎత్తుతుంది. మాట్లాడదు. అవతలివాళ్ళ మొదటి మాట వింటుంది. పేరు చెప్పుకునే మాట తీరుని అది హైమ రాసిన నోటుపుస్తకాల్లోంచి నేర్చుకుంది. పేరు వచ్చిందంటే లైను పెట్టేస్తుంది. "నేనే" అనో, "ఏమ్మా" అనో, "ఎవరూ" అనో వచ్చిందంటే అప్పుడే ఫోనుని మోగనిస్తుంది. అయిదుసార్లు పెట్టేసిన నంబరుని గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత ఏం చెప్పినా వినకుండానే పెట్టేస్తుంది.

సామ్రాజ్యం పిన్ని పరీక్షించింది.

"నేనే!" అని తన ఇంట్లోంచి ఫోనులో అరిచింది. గోడవతల అరుపు విన్నాక ఇవతల ఫోను మోగింది. "మోగిందా? ఇప్పుడు పేరు చెప్పి చూస్తానుండు. నా పేరు సామ్రాజ్యం, మాది ఇసుకమూరు!" ఫోను మోగలేదు. గోడ మీంచి తల లేచింది. "చూశావా అక్కా, సొంత ఊళ్ళో సొంత పేరు చెప్పుకుంటే విలువ లేదు."

ఆ పరీక్ష అయ్యాక, ఆ రోజు మధ్యాహ్నం ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. మర్నాడు రెండుసార్లు మోగింది, రెండూ మనుషులే. నాయనమ్మ భోంచేసి పడుకుని నాలుగింటి దాకా లేవలేదు. పెరట్లో అంట్లు తోముకుని వచ్చిన అమ్మ, ఏం చెయ్యాలో తోచనట్టు కాసేపు నిలబడి, చాప పరుచుకుని గోడకి చేరగిలింది. కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. అమ్మ మధ్యాహ్నం నిద్రపోవడం హైమ చూడటం అదే మొదలు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ముఖంలో అన్నేళ్ళ అలసటా ఒక్కసారే కనబడింది. నాన్న కూడా చూశాడు. చూసి, బల్ల దగ్గర చప్పుడు చెయ్యకుండా, చాలాసేపు ఊరికే కూర్చున్నాడు.

"ఇంక మోగిందంటే మనిషే," అని అమ్మతో సాయంత్రం అన్నాడు. "మోగినప్పుడే లే. అది చేసినా మోగుతుంది." అది అంటే ఎవరో చెప్పలేదు.

* * *

అయిదు నెలలు గడిచాయి. పెట్టె సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. నాన్న పాత స్నేహితుడెవరో హైదరాబాదులోని ఒక పరిశోధనశాలకి ఉత్తరం రాస్తే, శశిరేఖ అనే ఆవిడ నాన్నకి ఫోను చేసింది. పద్ధతి పనిచేస్తే జిల్లా అంతటికీ కలిపి, పెద్ద ఎక్స్ఛేంజిలోనే ఒకటి పెట్టవచ్చంది. వచ్చే బుధవారం స్వయంగా వచ్చి చూస్తానంది. అంతలో పెట్టె పెట్టేసిన ఫోనుల జాబితా కావాలంది, ఏ నంబరు నుంచి ఎన్నిసార్లు అని.

"ఈసారి అట్ట మీద నీ పేరు కూడా రాయిస్తా," అన్నాడు నాన్న, హైమ ముఖం చూడకుండా.

పెట్టెలో అవన్నీ ఉన్నాయి. పెట్టేసిన ప్రతి ఫోనుదీ నంబరు, వేళ, విన్న మొదటి మాట. నాన్న అలవాటుగా దాచాడు తప్ప ఎవరూ తెరిచి చూడలేదు. సోమవారం ఉదయం హైమ చెవిలో గొట్టం పెట్టుకుని, పెద్ద రిజిస్టరు ముందేసుకుని కూర్చుంది.

యంత్రాలు నంబర్లు మారుస్తూ ఉంటాయి. ఒక నంబరు నుంచి రెండు, మూడు, మహా అయితే తొమ్మిది. ఒక్క నంబరు నుంచి మాత్రం నలభై ఒక్కటి ఉన్నాయి. శ్రావణమాసంలో పంతొమ్మిది రోజులు. అన్నీ మధ్యాహ్నం ఒంటిగంటా రెండింటి మధ్య. ఇంత మొండి బీమా ఎవరిదో అనుకుని హైమ మొదటిది నొక్కింది.

"నమస్కారమండీ, నేను సువర్చలని..."

అక్కడితో ఆగింది.

రెండోది. "నమస్కారమండీ, నేను సువర్చలని మాట్లాడు..."

మూడోది. "నేను సువర్చలనండీ, తెనాలి నుంచి. ఆస్పత్రి..."

నాలుగోది. "సువర్చలని. పెట్టేయకండి, ఒక్క..."

అయిదోది. "సువర్చలని నాన్నా..."

ఆ తర్వాతవన్నీ ఖాళీ. పెట్టె ఇంక వినలేదు. ముప్ఫై ఆరు ఖాళీ వరసలు, పక్కన వేళలు మాత్రం. ఒంటిగంటా పది. ఒంటిగంటా పన్నెండు. ఒంటిగంటా పది. అమ్మ గోడకి చేరగిలి నిద్రపోయే వేళ.

హైమ లేచి వెళ్ళి చెవిలో గొట్టం తీసి, ఆకురాయితో ఏదో రేకు అరగదీస్తున్న నాన్న చెవిలో పెట్టింది. మొదటిది నొక్కింది. నాన్న చెయ్యి ఆగింది. మళ్ళీ నొక్కమని వేలితో చూపించాడు. అయిదూ విన్నాడు.

"పేరెందుకు చెప్పింది?" అన్నాడు. చాలా నెమ్మదిగా, ఒక లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టు. "పేరు చెప్పాల్సిన పనేముంది దానికి?"

టీ గ్లాసుతో వచ్చిన అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. "ఎవరు చెప్పారు పేరు?" అంది. గొట్టం నాన్న చెవిలోంచి తనే తీసుకుని పెట్టుకుంది. హైమ నొక్కింది.

అమ్మ ఏడవలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, అక్కడే నేల మీద కూర్చుంది.

"పరాయిదానివన్నావుగా," అంది నాన్నతో. "పరాయివాళ్ళు ఎట్టా మాట్లాడతారో అట్టా మాట్లాడింది. నువ్వు చెప్పినట్టే విన్నది, ఇంకేం?"

"ఊరుకో భ్రమరా."

"నేను ఊరుకునే ఉన్నా. అయిదు నెలల నుంచీ ఊరుకునే పడుకుంటన్నా."

వసారాలోంచి నాయనమ్మ, "ఎవరే ఫోనులో?" అని అడిగింది.

ఆ నంబరుకి హైమే ఫోను చేసింది. చెయ్యమని ఎవరూ అనలేదు. అవతల ఎవరో ఆవిడ ఎత్తింది. "నమస్కారమండీ, నా పేరు హైమ అండీ. ఇసుకమూరు నుంచి మాట్లాడుతున్నానండీ," అంది హైమ. ఆ మాటలు తన నోట్లోంచి వస్తుంటే అవి తను నోటుపుస్తకాల్లో రాసిన మాటలేనని తట్టింది. ఆవిడది వినికిడి మిషన్లు అమ్మే షాపు, మధ్యాహ్నాలు ఆస్పత్రికి అన్నం తీసుకెళ్ళినప్పుడు సువర్చల ఈ సెల్లు నుంచే చేసేదట. సువర్చల అక్కడ మిషన్లు బాగుచేస్తుందట. ఆపరేషనయ్యాక ఇంకా పనిలోకి రావట్లేదట. రెండు నెలలయిందట. ఆవిడ ఇంటి గుర్తులు చెప్పింది, కాలవగట్టు వెనక సందులో మేడ మీద గది. పెట్టేసేముందు, "ఇంతకీ మీరేమవుతారమ్మా?" అని అడిగింది.

"చెల్లెల్ని," అంది హైమ.

ఆవిడ ఇంకేమీ అడక్కుండా ఫోను పెట్టేసింది.

నాన్న వెళ్తానని చొక్కా తొడుక్కుని, మళ్ళీ విప్పాడు. "నన్ను చూస్తే తలుపు తియ్యదు," అన్నాడు. అమ్మ బయలుదేరబోతే హైమ ఆపింది. "నేనెళ్తానమ్మా ముందు. నేను పెట్టిందే ఆ పద్ధతి. నేనే చెప్పాలి. చెప్పాక నువ్వు రా." ఇన్ని మాటలు వరసగా హైమ ఎప్పుడూ మాట్లాడలేదు. అమ్మ కాసేపు చూసి, నిమ్మకాయ పచ్చడి చిన్న సీసాలోకి తీసి, మూత చుట్టూ గుడ్డ కట్టి ఇచ్చింది.

నాన్న అప్పటికే పెట్టెని గోడ మీంచి ఊడదీస్తున్నాడు. ఊడదీసి నాలుగు నిమిషాలు కాకముందే ఫోను మోగింది. అమ్మ లేచింది. "బీమా," అని పెట్టేసింది.

* * *

మంగళవారం ఉదయం తొమ్మిదింటి బస్సుకి హైమ తెనాలి వెళ్ళింది. ఒంటరిగా బస్సెక్కడం అదే మొదటిసారి. కిటికీ పక్కన కూర్చుని, ఏం చెప్పాలో మనసులో రాసుకుంటూ వెళ్ళింది. మేం పెట్టెయ్యలేదక్కా. నీ గొంతు మాకు చేరలేదు. చేరి ఉంటే అమ్మ ఆ క్షణమే బయలుదేరేది. ఇది చెబితే చాలనుకుంది. ఎవరూ కోపంతో చెయ్యలేదని తెలిస్తే అక్క మనసులో బరువు తీరిపోతుందనుకుంది. బస్సు కుదుపులకి ఆ మాటలు చెదిరిపోతుంటే మళ్ళీ మొదటి నుంచీ కూడబలుక్కుంది.

మేడ మెట్లు ఇరుకుగా ఉన్నాయి. తలుపు కొడితే చాలాసేపు తియ్యలేదు. రెండోసారి గట్టిగా కొట్టింది.

సువర్చల తలుపు సగం తీసింది. బాగా చిక్కిపోయింది. కుడి చెవి వెనక జుట్టు గొరిగిన చోట బొటనవేలంత మేర ఇంకా పొట్టిగానే ఉంది. దాని కింద ఎర్రటి గీత.

"అక్కా," అంది హైమ.

సువర్చల తల తిప్పింది. "ఈ పక్కకి రా. ఆ చెవి పోయింది."

హైమ ఎడమ పక్కకి జరిగింది. లోపలికి రమ్మని అక్క అనలేదు. తలుపు రెక్క పట్టుకునే నిలబడింది.

"అమ్మ బావుందా?"

"బావుంది."

"మోకాళ్ళు?"

"కొంచెం తగ్గినయ్."

"నాయనమ్మ?"

"బావుంది. ఈ మధ్య పగలు బాగా నిద్రపోతోంది," అంది హైమ. అన్నాక ఆ మాట ఎందుకన్నానా అనుకుంది. పచ్చడి సీసా ముందుకి చాపింది. సువర్చల తీసుకోలేదు, వద్దని కూడా అనలేదు. హైమ దాన్ని గడప పక్కన పెట్టింది.

"ఎందుకొచ్చావు?"

"ఫోను మేం పెట్టెయ్యలేదక్కా."

మనసులో రాసుకున్నవేవీ వరసగా రాలేదు. ముందువి వెనక, వెనకవి ముందు వచ్చాయి. రికార్డు ఫోనులు, రేకు డబ్బా, నోటుపుస్తకాలు, పేరు చెప్పడం. చెబుతుంటే సువర్చల ఎడమ చెవి ఇటు పెట్టి, కళ్ళు నేల మీద ఉంచి వింది. మధ్యలో ఒక్కసారే అడిగింది.

"పేరు ముందొస్తే పెట్టేస్తుందా?"

"అవును."

"ఎవరి ఆలోచన?"

"నాది."

సువర్చల తల ఊపింది. "మంచి ఆలోచన," అంది. వెటకారం లేదు, పనివాడు పనిని చూసి అన్నట్టే అంది. "నాన్న బుర్రకి తట్టదు అది."

"ఊరికే నేనే అనొచ్చుగా అక్కా? అమ్మ పోల్చుకునేది కాదా?"

"నేనే అంటే, ఎవరూ అని అడిగితే?" అంది సువర్చల. "నాన్న ఆ మాటడిగితే వినలేను. అందుకే ముందే పేరు చెప్పేసేదాన్ని."

కింద సందులో ఎవరో ఉల్లిపాయలమ్ముకుంటూ వెళ్తున్నారు. ఆ కేక దాటిపోయేదాకా ఇద్దరూ ఆగారు.

"చెవిలో చీము ఎముకకి పాకింది," అంది సువర్చల. "వెంటనే కొయ్యాలన్నారు. మత్తిచ్చి తల దగ్గిర కోసేదానికి అయినవాళ్ళ సంతకం కావాలన్నారు. అమ్మో, నాన్నో, ఎవరో ఒకరు వస్తే చాలన్నారు. చివరికి మా షాపావిడ సంతకం పెట్టింది. ఆస్పత్రివాళ్ళు ఒప్పుకునేసరికి పంతొమ్మిది రోజులు పట్టింది. అప్పటికి లోపల అంతా తినేసింది."

"ఉత్తరం రాయాల్సిందక్కా. ఒక్క ముక్క రాసినా..."

"ఫోను పెట్టేసేవాళ్ళు ఉత్తరం చదువుతారా అనుకున్నా."

హైమ గోడ పట్టుకుంది. "అందుకే చెప్తున్నా అక్కా. పెట్టేసింది మేం కాదు. నువ్వు ఫోను చేసినట్టే మాకు తెలీదు. నలభై ఒక్కసార్లూ..."

"లెక్క నాకూ తెలుసు."

సువర్చల తలుపు రెక్క మీద వేలితో ఊరికే గీసింది. తర్వాత మాట్లాడినప్పుడు హైమతో కాకుండా, తనకి తను గుర్తుచేసుకుంటున్నట్టు మాట్లాడింది.

"అవతల ఎత్తిన చప్పుడు వినిపించేది. ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. కాసేపుండి పెట్టేసేవాళ్ళు. ఆ కాసేపూ లెక్కపెట్టేదాన్ని. మూడు లోపల పెట్టేస్తే నాన్న. అయిదు దాకా ఉంటే అమ్మ, పక్కన నాన్నున్నాడు కాబట్టి పెట్టేసింది అనుకునేదాన్ని. ఆస్పత్రి మంచం మీద పడుకుని, ఇవాళ అమ్మ ఎత్తింది, నిన్న నాన్న ఎత్తాడు అని చెప్పుకునేదాన్ని. తర్వాత తర్వాత సంతకం కోసం కూడా చెయ్యలేదు. ఆ నాలుగంకెలు లెక్కపెట్టేంతసేపూ మనవాళ్ళెవరో చెవి దగ్గిర పెట్టుకుని వింటున్నారని చేశాను."

హైమ గోడ మీంచి చెయ్యి తీసింది.

"రెండుసార్లు ఆరు దాకా ఉంది. అవి నువ్వనుకున్నా. నువ్వు భయపడతావు గానీ అంత తొందరగా పెట్టెయ్యవని." సువర్చల మొదటిసారి హైమ ముఖంలోకి సూటిగా చూసింది. "ఆ రెండు రోజులూ అన్నం తిన్నాను."

అబద్ధం చెప్పాలనిపించింది హైమకి. అవును, ఆ రెండుసార్లూ నేనే ఎత్తాను, నాన్నకి భయపడి పెట్టేశాను అనాలనిపించింది. అక్క అడిగేది అదేనని తెలుస్తూనే ఉంది. తిట్టడానికైనా ఒక మనిషి కావాలి అక్కకి. కానీ అది అనడానికి రాలేదు తను, ఎవరూ లేరని చెప్పడానికే బస్సెక్కి వచ్చింది. ఆ చెప్పడం కూడా అయిపోయింది.

"ఆ రెండూ కూడా పెట్టేనా?" అంది సువర్చల.

హైమ తల ఊపింది. "వాన రోజులై ఉంటయ్యక్కా. తీగ తడిస్తే ఆలస్యంగా..."

"సరే," అంది సువర్చల.

కోపం లేని గొంతుతో అంది. తలుపు కొట్టుకోకుండా రెక్కని చేత్తో పట్టుకుని నెమ్మదిగా మూసింది. హైమ గడప ఇవతలే నిలబడి ఉండగా లోపల గడియ పడింది.